మూల సీటులో నవ్వు

ఆ సీటుకి మంచి పేరు లేదు.

మేడ మీది చిన్న హాల్లో, చిట్టచివరి వరసలో, గోడ వారగా ఉంటుంది. పగటిపూట లైట్లన్నీ వేసి చూస్తే మిగతా సీట్లకీ దానికీ తేడా ఏమీ కనపడదు. అదే ఎర్ర రెక్సిను, అవే చిరుగులు. మనిషి కూర్చుంటే కిందికి దిగుతుంది, మనిషి లేస్తే టక్కుమని తనంతట తాను పైకి మడుచుకుంటుంది. సినిమా హాల్లో సీటన్నాక ఏ సీటైనా చేసే పనే అది.

కానీ ఆ సీటు... ఎవరూ కూర్చోకపోయినా దిగుతుందని అంటారు.

ఏడాది పొడుగునా కాదు. క్రిస్మస్ వారంలోనే. అదీ ఆ చిన్న హాల్లో దెయ్యాల సినిమాలు ఆడే వారంలోనే. సినిమా మొదలైన కాసేపటికి దిగుతుందట. అయిపోయి, జనమంతా బయటికి వెళ్ళాక లేస్తుందట. మధ్యలో, అందరూ కెవ్వుమని అరిచే చోట, ఆ మూల నించి ఎవరో చిన్నగా నవ్వుతారట.

అరుపు కాదు, ఏడుపు కాదు — నవ్వు. అదే జనానికి మింగుడు పడలేదు.

ఎవరు చూశారయ్యా అంటే, చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. విన్నవాళ్ళే అందరూ. ఆ సీటులో ఉన్నది ఎవరన్న దాని మీద కూడా జనం ఒక మాట మీద లేరు. టికెట్లిచ్చే అమ్మాయి అది పెళ్ళికూతురంటుంది. పాప్‌కార్న్ అమ్మే అతనేమో, కాదు కాదు, సినిమా చూస్తూ చూస్తూ గుండె ఆగిపోయిన పెద్దాయనంటాడు. బండ్ల దగ్గర కాపలా ఉండే అతనైతే హాలు కట్టేటప్పుడు పై నించి జారిపడ్డ మేస్త్రీ అని ఒట్టేసి చెబుతాడు.

"ఒక్క సీటులో ఇంతమందా?" అనేది టార్చక్క. "అయితే ఇంకేం, బయట హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేయండి."

టార్చక్కంటే ఆ హాల్లో ఆలస్యంగా వచ్చినవాళ్ళకి టార్చి వేసి సీటు చూపించే ఆవిడ. అసలు పేరు ఆవిడ చెల్లెలికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. వయసు మీద పడింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నాలుక మాత్రం ఇంకా పదునుగానే ఉంది. చీకట్లోనే బతుకంతా గడిపిన మనిషి కాబట్టి చీకటంటే లెక్కలేదు. సినిమాలంటే లెక్కలేదు. అందులోనూ దెయ్యాల సినిమాలంటే... చెప్పు కింద పడ్డ చూయింగ్ గమ్ముని చూసినట్టు చూసేది.

ఆవిడకి పని నేర్పిన పెద్దాయన ఒకే ఒక్క నియమం చెప్పి వెళ్ళాడట. టార్చి ఎప్పుడూ కాళ్ళ మీదే వేయాలి, ముఖం మీద వేయకూడదు. టికెట్టు కొని చీకట్లో కూర్చోడానికి వచ్చినవాడి ముఖంతో మనకేం పని? ఏడుస్తాడో, నిద్రపోతాడో, ఎవరితో వచ్చాడో — అది వాడి సొంతం. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే ఊళ్ళో వాళ్ళ ముఖాలు ఆవిడకి తెలియవు గానీ, చెప్పులూ బూట్లూ మాత్రం అన్నీ తెలుసు. బజార్లో ఎవరైనా పలకరిస్తే ముందు తల దించి కాళ్ళ వంక చూసి, "ఓ, మీరా" అనేది.

ఇక చెల్లెలు. ఆట వదిలాక హాలు ఊడ్చే పని ఆమెది. అక్క ఎంత గట్టిదో చెల్లెలు అంత మెత్తది. బల్లి అరిస్తే ఉలిక్కిపడుతుంది, బొద్దింకని చంపడానికి అక్కని పిలుస్తుంది. ఇద్దరిదీ హాలు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు, ఒకటే పొయ్యి.

వాళ్ళ చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. చుట్టాలంతా చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అమ్మ ఊరెళ్ళింది, బొమ్మలు తెస్తుంది అని చెబుతుంటే, తొమ్మిదేళ్ళు కూడా నిండని అక్క పక్కగదిలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "అమ్మ ఇంక రాదే. వీళ్ళ మాట నమ్మకు. నేనున్నాను," అని చెప్పింది. చెల్లెలు ఆ రాత్రంతా ఏడ్చింది. కానీ అప్పట్నించీ లోకంలో ఎవరు ఏం చెప్పినా, చివరికి అక్క వంక తిరిగి, "నిజమేనా?" అని అడిగేది. అక్క అవునంటే అవును. కాదంటే కాదు.

పోయినేడు క్రిస్మస్ వారంలో ఆ చెల్లెలు చివరి వరస దగ్గర చీపురు వదిలేసి, మెట్ల మీద నించి చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తుకొచ్చింది. సీటు కిందికి దిగి ఉందట. ఎవరో మర్చిపోయిన సంచీ బరువుకి దిగిందేమోనని దగ్గరికి వెళ్ళిందట. సంచీ లేదు. చూస్తూ ఉండగానే...

"లేచిందక్కా. మనిషి లేచినట్టే లేచింది. నెమ్మదిగా."

"స్ప్రింగు," అంది అక్క.

"గాలి కూడా తగిలిందక్కా. పక్క నించి ఎవరో వెళ్ళినట్టు."

"ఫ్యాను."

"ఫ్యాను ఆపేశారు."

"అయితే నీ భయం," అంది అక్క. "ఈ సినిమాల్లో సరుకు లేదు, చప్పుడే ఉంది. ఆ దడదడకి సీట్లేం ఖర్మ, గోడలే కదులుతున్నాయి. ముసలి స్ప్రింగు జారి దిగింది, చప్పుడు ఆగాక లేచింది. దానికి నువ్వు చెప్పులొదిలేసి రావాలా?"

చెల్లెలు వింది గానీ, ఆ వారమంతా చివరి వరస ఊడవలేదు.

ఈ ఏడు మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. హాలు ముందర ప్లాస్టిక్ చెట్టు నిలబెట్టి, కొమ్మల మీద దూదితో మంచు అంటించారు. కింద పెద్ద హాల్లో గంటలూ, పాటలూ, చివర్లో అందరూ ఒకర్నొకరు కావలించుకునే కుటుంబ చిత్రం. పైన చిన్న హాల్లో వారం పాటు రోజుకో దెయ్యం.

మేనేజరు ఆ పోస్టర్లు అతికిస్తూ ఉండగా టార్చక్క వెనకాల నిలబడి చూసింది. మేనేజరు కుర్రాడే, మంచివాడే. దెయ్యాల సినిమాలంటే మాత్రం పడిచస్తాడు.

"ఇదేంటి బాబూ, ముసలాయన చేతికి గొడ్డలిచ్చారు?"

"అదే కథ అక్కా. పిల్లలకి బహుమతులు తెచ్చే తాత — నిజానికి హంతకుడు."

"బాగుంది. ఒళ్ళు వంచి అన్నేళ్ళు మూటలు మోసినందుకు మంచి పేరే తెచ్చారు. మరి ఇది?"

"బహుమతి పెట్టెలో బొమ్మ. రాత్రిపూట మాట్లాడుతుంది."

"పగలు మాట్లాడటానికి సిగ్గా?"

"ఇది మాత్రం చాలా గొప్ప సినిమా అక్కా. తలుపు కొట్టి పాటలు పాడేవాళ్ళు వస్తారు కదా పండక్కి... వాళ్ళకి ముఖాలుండవు."

"ముఖాల్లేకపోతే పాట ఎక్కడ్నించి పాడతారు నాయనా?"

మేనేజరు జిగురు డబ్బా మూత పెట్టాడు. "మీకు తెలీదక్కా. పండగంటే అందరికీ సంతోషం కాదు. ఇంట్లో చుట్టాల గోల పడలేనివాళ్ళుంటారు. అసలు చుట్టాలే లేనివాళ్ళుంటారు. ఆ కావలింతల సినిమా వాళ్ళకి ఎక్కదు. ఎక్కడికో అక్కడికి వెళ్ళాలిగా... పైకొస్తారు."

"వచ్చి?"

"హాయిగా అరుస్తారు."

"డబ్బులిచ్చి అరవడం," అంది టార్చక్క. "మా ఇంటి పక్క వీధిలో కుక్కలు ఊరికే అరుస్తాయి."

మేనేజరు నవ్వలేదు. అసలు విషయం అప్పుడు బయటపెట్టాడు. పోయినేడు చివరి వరస కంపు కొడుతోందని జనం గోల చేశారట. ఈసారి కూడా టార్చక్క చెల్లెలు ఆ వరస ఊడవనంటే, కొత్త సంవత్సరం నించి ఊడ్చే పని మొత్తం ఏదో కంపెనీకి అప్పగించేస్తానని యజమాని చెప్పేశాడట.

"దాని బదులు నేను ఊడుస్తాను."

"ఆట వదలగానే మీరు కింద గేటు దగ్గరుండాలి కదక్కా. నా చేతుల్లో లేదు."

ఆ సాయంత్రం ఇంట్లో టార్చక్క సంగతంతా చెల్లెలి ముందు పెట్టింది. చెల్లెలు ఉల్లిపాయ తరుగుతోంది. తలెత్తలేదు.

"పని పోతే ఎలాగే? నీకు ఇంకో పని ఎవరిస్తారు ఈ వయసులో?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు వెళ్ళి చూడు," అంది చెల్లెలు. "రేపు పరీక్షాట వేస్తారుగా. నువ్వు ఆ వరసలో కూర్చుని సినిమా మొత్తం చూడు. చూసొచ్చి, నా ముఖం చూసి, అక్కడ ఏముందో చెప్పు. నువ్వు చెబితే ఊడుస్తాను."

"ఏముంటుంది? ఏమీ ఉండదు."

"చూశాక చెప్పు," అంది చెల్లెలు. ఉల్లిపాయ వల్లో మరి దేనివల్లో, కళ్ళు తుడుచుకుంది.

వారం మొదలయ్యే ముందు రోజు సినిమా సరిగ్గా ఆడుతోందో లేదో ఒకసారి వేసి చూసుకోవడం ఆ హాల్లో అలవాటు. టికెట్లుండవు, జనముండరు. చలికాలం కదా, సాయంత్రం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపే బయట చీకటి పడిపోయింది.

"సినిమా పంపిన కంపెనీ మనిషి చూడ్డానికి వస్తానన్నాడక్కా," అని చెప్పాడు మేనేజరు. "వస్తే కాస్త కూర్చోబెట్టండి. నేను కింద ఆఫీసులో ఉంటాను."

టార్చక్క మెట్లెక్కి చివరి వరసకి వెళ్ళింది. నడవ పక్కనున్న మొదటి సీటులో కూలబడింది. అక్కడ్నించి ఆ మూల దాకా సీట్లన్నీ మడుచుకుని ఉన్నాయి. టార్చి వేసి చూసింది. అన్నీ మడుచుకునే ఉన్నాయి. లేచి అక్కడి దాకా వెళ్ళి, మూల సీటుని చేత్తో కిందికి నొక్కి వదిలింది.

టక్.

"చూశావా," అంది పైకే, ఎవరితోనో. "స్ప్రింగు శుభ్రంగా ఉంది."

అని వెనక్కొచ్చి కూర్చుంది. కూర్చున్నాక గానీ ఆలోచన రాలేదు. స్ప్రింగు శుభ్రంగా ఉంటే మరి...

దీపాలారిపోయాయి.

వెనక క్యాబిన్ కిటికీలోంచి వెలుగు చారలాగా బయల్దేరింది. అందులో దుమ్ము బంగారం పొడిలాగా తేలుతోంది. టార్చక్కకి సినిమాల్లో నచ్చేది అదొక్కటే. ఆ వెలుగు ఇంత అందంగా ఇంత దూరం ప్రయాణం చేసి, చివరికి వెళ్ళి పడేది ఆ దరిద్రపు తెర మీదా అని జాలిపడేది.

తెర మీద మంచు. మంచులో ఒంటరి ఇల్లు. ఇంట్లో ఒక కుటుంబం, చెట్టు, చెట్టు కింద బహుమతి పెట్టెలు. కరెంటు పోయింది. పోకుండా ఎలా ఉంటుంది.

కింద గదిలో ఏదో చప్పుడయింది. కథానాయిక కొవ్వొత్తి పట్టుకుని ఒక్కత్తే బయల్దేరింది.

"ఇంట్లో అంతమంది మగాళ్ళు తిని కూర్చున్నారు, వాళ్ళని పంపొచ్చుగా," అని గొణిగింది టార్చక్క. "పైగా చెప్పుల్లేకుండా."

అప్పుడు... తలుపు దగ్గర తెర కదిలింది.

చల్లటి గాలి మెడకి తగిలింది. ఎవరో లోపలికొచ్చి, కళ్ళకి చీకటి అలవాటయ్యే దాకా ఆగేవాళ్ళు ఆగినట్టు, గోడ పక్కన ఆగారు.

కంపెనీ మనిషి. సినిమా సగమయ్యాక తగలడ్డాడు.

ఆలోచించక్కర్లేకుండానే టార్చక్క లేచింది. లేచాక మోకాలు కలుక్కుమంటే గానీ తను లేచిన సంగతి తనకే తెలియలేదు. మెట్లు దిగి వెళ్ళి టార్చి నేల మీద వేసింది.

బూట్లు. గోధుమరంగు తోలు బూట్లు, అద్దంలాగా మెరుస్తున్నాయి. కుడి బూటుకి లేసు ఉంది. ఎడమ బూటుకి మాత్రం లేసు బదులు తెల్ల దారం, నాలుగు పేటలు మెలేసి కట్టింది.

మెరుపుకేం తక్కువ లేదు, తాడుకే గతిలేదు అనుకుంది.

"రండి," అంది మెల్లగా. "ఇక్కడ మెట్టు... ఇంకో మెట్టు. చూసుకోండి."

బూట్లు ఆవిడ వెలుగు వెంట నడిచాయి. చప్పుడు లేదు. కొత్త తివాచీ మెత్తగా ఉంది కాబోలు అనుకుంది. తివాచీ వేసి పదేళ్ళయిందన్న సంగతి అప్పుడు తోచలేదు.

"హాలంతా మీదే. ఎక్కడైనా కూర్చోండి."

బూట్లు ఆగలేదు. చివరి వరసలోకి తిరిగి, ఒక్కో సీటూ దాటుకుంటూ గోడ దాకా వెళ్ళాయి. ఆవిడ టార్చి ఆర్పేసింది. ఆ చివర కిర్రుమని సీటు దిగిన చప్పుడు.

టార్చక్క తన సీటులో సర్దుకుని కూర్చుంది. మనసుకి హాయిగా అనిపించింది కూడా. ఆ సీటు ఖాళీగా ఉంటే కదా దెయ్యం వచ్చి కూర్చునేది. కంపెనీవాడు ఆక్రమించేశాడు. ఇక దెయ్యం వస్తే నిలబడి చూడాలి.

తెర మీద బహుమతి పెట్టె మూత దానంతట అదే తెరుచుకుంటోంది. సంగీతం సన్నగా, సూదిలాగా పైకి పోతోంది. పెట్టెలోంచి ముందు చెయ్యి వచ్చింది... తర్వాత జుట్టు వచ్చింది...

"ఈ దెయ్యాలకి చచ్చాక దువ్వెన దొరకదా?" అంది టార్చక్క.

ధడేల్మని చప్పుడు. బొమ్మ కథానాయిక మీదికి దూకింది. సీట్లన్నీ గజగజా వణికాయి.

ఆ మూల నించి — చిన్న నవ్వు.

ముక్కులోంచి వచ్చే నవ్వు. పరాచికం ఆడేవాళ్ళ నవ్వు కాదు, ఇంతకంటే ఏం చేస్తార్లే అనుకునేవాళ్ళ నవ్వు. టార్చక్క నవ్వు లాంటి నవ్వు.

ఆవిడ వీపు మీద ఏదో పాకినట్టయింది. ఒక్క క్షణం... అంతే. కంపెనీ మనిషి కదా. తన సినిమాని చూసి తనే నవ్వుకుంటున్నాడు. నిజాయితీ ఉన్నవాడే.

"ఏమీ అనుకోకండి," అంది ఆ వైపు తిరక్కుండానే. చీకట్లో కూర్చున్న మనిషిని తేరిపార చూడకూడదు, అదీ నియమంలో భాగమే. "మీ సరుకుని నేను తిట్టకూడదు. కానీ ఎన్నేళ్ళ నించో చూస్తున్నాను. అదే ఇల్లు, అదే కొవ్వొత్తి, అదే బుద్ధిలేని పిల్ల."

మూలన మళ్ళీ ఆ నవ్వు.

అంతే, ఇక ఆవిడకి అడ్డూ ఆపూ లేకపోయింది. ఇన్నేళ్ళూ చుట్టూ అరిచేవాళ్ళే తప్ప, ఇలా కలిసి అసహ్యించుకునే మనిషి ఒక్కడూ దొరకలేదు. బొమ్మ పొగగొట్టంలోంచి దిగితే, "ఒంటికి మసి ఒక్క చుక్క అంటలేదు, చూశారా," అంది. నవ్వు. చనిపోయిన అమ్మమ్మ అద్దంలో కనపడి కళ్ళు ఉరిమితే, "అద్దం తుడిచి ఎన్నాళ్ళయిందో అని చూస్తోంది," అంది. ఆ నవ్వు ఈసారి కాస్త గట్టిగానే వచ్చింది. పండగపూట పక్కన తోడు కూర్చుని సినిమా చూసినట్టే ఉంది.

చివరికొచ్చేసరికి తెర మీద చచ్చినవాళ్ళంతా లేచొచ్చి ఆ ఇంటి చుట్టూ నిలబడ్డారు. కిటికీలకి ముఖాలు ఆనించి లోపలి దీపాల వంక, బల్ల మీది భోజనాల వంక చూస్తున్నారు.

"చచ్చినవాళ్ళకి ఇదేం పని?" అంది టార్చక్క విసుగ్గా. "పండగ పూట కూడా ఒకళ్ళ ఇంటి మీద పడటమేనా?"

ఈసారి నవ్వు రాలేదు.

తర్వాత ఆ మూల నించి గొంతు... చాలా మెల్లగా, మాట్లాడి చాలా కాలమైనవాళ్ళ గొంతులాగా బొంగురుగా —

"ఎక్కడికో అక్కడికి వెళ్ళాలిగా... పండగ కదా."

పాపం, వెనకా ముందూ ఎవరూ లేరు కాబోలు అనుకుంది టార్చక్క. లేసు కొనుక్కోమని చెప్పే దిక్కు కూడా లేనట్టుంది. తెర వంకే చూస్తూ కూర్చుంది. బొమ్మ కాలిపోయింది. తెల్లారింది. పేర్లు పడ్డాయి.

దీపాలు వెలిగాయి.

కింద తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు, చేతిలో ఫోను. వెనకే చెల్లెలు, గుమ్మం దాటకుండా, చీపురు గుండెలకి హత్తుకుని.

"ఎలా ఉందక్కా? ఏమైనా కనపడిందా?"

"నన్నడుగుతావేం," అంది టార్చక్క మెట్టు దిగుతూ. "మీ కంపెనీ మనిషినే అడుగు. ఆయనకే నచ్చలేదు."

"ఏ కంపెనీ మనిషి?"

"వచ్చాడుగా. నేనేగా కూర్చోబెట్టింది."

మేనేజరు ఫోను లోంచి తలెత్తాడు. "ఆయన రాలేదక్కా. దార్లో కారు చెడిపోయిందని అప్పుడే ఫోను చేశాడు. నేను బయట షట్టరు కూడా దించేసి కూర్చున్నాను. ఎవరొస్తారు?"

టార్చక్క కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

వెనక్కి తిరగాలనిపించలేదు. కానీ చూశాక చెప్పమని చెల్లెలు అడిగింది.

తిరిగింది.

చివరి వరసలో సీట్లన్నీ మడుచుకుని ఉన్నాయి, ఒక్కటి తప్ప. మూల సీటు దిగి ఉంది. ఎర్ర రెక్సిను మధ్యలో లోతుగా నొక్కుకుపోయి ఉంది, బరువైన మనిషి బరువుకి నొక్కుకున్నట్టు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. నీడ కూడా లేదు.

ఆవిడ చూస్తూ ఉండగానే నొక్కు కాస్త కాస్తగా తేలికపడింది. సీటు నెమ్మదిగా లేచింది.

టక్.

పక్క నించి చల్లటి గాలి ఒకటి ఆవిడని ఒరుసుకోకుండా, ఎంతో మర్యాదగా తప్పుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"ఏదో టక్కుమంది?" అన్నాడు మేనేజరు.

టార్చక్క గొంతు సవరించుకుంది.

"స్ప్రింగు," అంది. "నూనె చుక్క వేయించు. చప్పుడు తప్ప సరుకు లేని సినిమాలు తెస్తే సీట్లు కదలవా మరి?"

మేనేజరుకి అబద్ధం చెప్పనని ఆవిడ ఎవరికీ మాటివ్వలేదు. అతను హమ్మయ్య అనుకుంటూ కిందికి వెళ్ళాడు, యజమానికి చెప్పడానికి.

చెల్లెలు మాత్రం గుమ్మంలోనే నిలబడింది. అక్క ముఖం వంకే చూస్తోంది.

"స్ప్రింగేనా?" అంది. "నిజమేనా?"

అవునంటే చాలు. పని నిలబడుతుంది. తింటున్న అన్నం నిలబడుతుంది. నోట్లో ఆ ఒక్క మాట సిద్ధంగా ఉంది కూడా. కానీ ఎదురుగా నిలబడ్డ ఆ నెరిసిన జుట్టు మనిషి, చీపురు హత్తుకున్న ఆ తీరు... పక్కగదిలో చెయ్యి పట్టుకుని నిలబడ్డ పసిదానిలాగే ఉంది.

"కాదే," అంది టార్చక్క.

చెల్లెలు చీపురుని ఇంకా గట్టిగా హత్తుకుంది.

"ఉన్నాడు. నేనే టార్చి వేసి కూర్చోబెట్టాను. ఇవాళే కాదు..." అని ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఆ తెల్ల దారం. పోయినేడూ చూసింది. అంతకు ముందేడూ చూసింది. ఆలస్యంగా వచ్చేవాళ్ళలో ఒకడనుకుని, తిట్టుకుంటూ, ఎప్పుడూ కాళ్ళే తప్ప ముఖం చూడకుండా... "ఎన్నేళ్ళ నించో నేనే కూర్చోబెడుతున్నానే."

చెల్లెలు గోడకి ఆనుకుంది.

"ఎలాంటివాడు?"

టార్చక్క ఆలోచించింది. "పండక్కి వెళ్ళడానికి ఇంకెక్కడా చోటు లేదట. ఈ సినిమాలంటే నాలాగే అసహ్యం. నోరు మాత్రం నాకంటే మంచిది."

"నీలాంటివాడా?"

"ఇంచుమించు."

చెల్లెలు అక్క వంక ఎగాదిగా చూసింది. చీపురు కిందికి దించింది.

"నీతో ఇన్నేళ్ళు వేగాను," అంది. "అతనితో ఒక్క వారం వేగలేనా."

"అయితే ఒక్క మాట," అంది టార్చక్క. "సీటు లేచేదాకా ఆగి ఊడువు. మనిషి ఇంకా కూర్చుని ఉండగా కాళ్ళ కింద చీపురు పెట్టకూడదు."

మర్నాడు సాయంత్రం మొదటి ఆట. చిన్న హాలు సగం పైగా నిండింది. దీపాలారిపోయాయి, తెర మీద మంచు కురిసింది, కరెంటు పోయింది. ముందు వరసల్లో అప్పుడే ఎవరో డబ్బులిచ్చి మరీ అరవడం మొదలెట్టారు.

టార్చక్క తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో టార్చి. జేబులో కొత్త లేసుల జత ఒకటి, గోధుమరంగువి. ఎందుకు కొన్నదో, ఎలా ఇస్తుందో ఆవిడకే తెలియదు.

తలుపు తెర కదిలింది. మెడకి చల్లగా తగిలింది.

ఆవిడ టార్చి నేల మీద వేసింది. ముఖం దాకా ఎత్తలేదు.

"రండి," అంది మెల్లగా. "ఆలస్యమైంది... ఏం ఫర్వాలేదు. పోయిందేమీ లేదు."